డిప్లొమా అయ్యాక ఈసెట్టా, బీఎస్సీనా? తిరుపతి, చిత్తూరు పిల్లలకు నా సలహా

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేది దాదాపు ఒకటే, డిప్లొమా వాళ్ళను నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేర్చే ప్రవేశ పరీక్ష ఈసెట్ గురించి. "సార్, డిప్లొమా అయిపోతోంది. అందరూ ఈసెట్ అంటున్నారు. నాకేమో ఫిజిక్స్ ఇష్టం. బీఎస్సీలో చేరితే తప్పా?" మొన్న అడిగింది పూతలపట్టు అబ్బాయి, ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. మధ్యలోనే వాళ్ళ నాన్న ఫోన్ అందుకుని, "ఇంజినీరింగ్ వదిలిపెట్టి డిగ్రీకి పోతానంటాడు సార్, మీరన్నా చెప్పండి" అన్నారు. ఇద్దరితో అరగంట మాట్లాడాను. ఆ అరగంటలో చెప్పడం కుదరనివి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి నేను తిరుపతిలోనే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) డిప్లొమా చేశాను. ఈసెట్‌లో ర్యాంకు వచ్చినా చేరలేదు. బీఎస్సీ ఎంపీసీ చదివి, ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ఇప్పుడు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. కొర్లగుంటలో మూడేళ్ళు నాతో ఒకే గదిలో ఉన్న పాకాల మిత్రుడు ఈసెట్‌తో బీటెక్‌కి వెళ్ళాడు. రెండు దారులనూ దగ్గర నుంచి చూశాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డిప్లొమా చేసినవాళ్ళలో ఎక్కువమందికి ఈసెట్టే సరైన దారి. బీఎస్సీ కొందరికే సరిపడుతుంది. ఆ కొందరికి మాత్రం బీటెక్ ఎంత మంచి కాలేజీలో వచ్చినా లోపల ఏదో వెలితిగానే ఉంటుంది. ఆ కొందరిలో మీరున్నారా లేదా అన్నది తేల్చుకోవాలి.

ముందు ఏళ్ళ లెక్క

ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపితే ఆరు. డిప్లొమా మూడేళ్ళు, ఈసెట్‌తో నేరుగా రెండో సంవత్సరంలో చేరితే బీటెక్ మూడేళ్ళు, అదీ ఆరే. ఈసెట్ దారిలో ఒక్క ఏడాది కూడా పోదు. పైగా చేతిలో డిప్లొమా అదనం.

బీఎస్సీ సంగతి అలా కాదు. ఇంటర్ చదివినవాళ్ళు పదో తరగతి తర్వాత ఐదేళ్ళలో బీఎస్సీ పూర్తిచేస్తారు. నేను మొదటి సంవత్సరం నుంచే చదివాను కాబట్టి నాకు ఆరేళ్ళు పట్టింది. క్లాసులో అందరికన్నా ఏడాది పెద్ద. ఆ ఏడాది పెద్ద విషయం కాదని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పుడు మా అమ్మ చుట్టాల ముందు ఆ సంగతి చెప్పడానికి ఇబ్బంది పడేది. దానికి తోడు బీఎస్సీతో చదువు ఆగదు. ఎమ్మెస్సీ రెండేళ్ళు, లేదా బీఈడీ రెండేళ్ళు తప్పవు. అంటే డిప్లొమా తర్వాత ఐదేళ్ళు చదవడానికి ఇల్లు ఓర్చుకోవాలి. ఈసెట్ దారిలో మూడేళ్ళకే సంపాదన మొదలవ్వొచ్చు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో చదువుకు ఎదురుచూస్తుంటే ఈ రెండేళ్ళ తేడా చిన్నది కాదు. ఆ మాట ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, దాచుకోవద్దు.

ఇంకో లెక్క చాలామందికి తెలియదు. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్ళు కూడా ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. వాళ్ళకు వేరే పేపర్ ఉంటుంది: మ్యాథ్స్‌కు 100, అనలిటికల్ ఎబిలిటీకి 50, ఇంగ్లీషుకు 50 మార్కులు. అంటే బీఎస్సీలోకి వెళ్తే ఇంజినీరింగ్ తలుపు పూర్తిగా మూసుకుపోదు. కాకపోతే అలా తిరిగొస్తే డిప్లొమా, బీఎస్సీ, బీటెక్ కలిపి తొమ్మిదేళ్ళవుతుంది. దాన్ని నమ్ముకుని బీఎస్సీలో చేరమని నేను ఎవరికీ చెప్పను.

క్లాసులో అసలు ఏం మారుతుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. తప్పు నిర్ణయాలు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

ఈసెట్ పేపర్ 200 మార్కులకు ఉంటుంది. మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మన బ్రాంచి సబ్జెక్టులు 100. మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. మంచి కాలేజీకి మాత్రం మ్యాథ్స్ బాగా చేయాలి. ఆఖరు సెమిస్టర్లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కని పొద్దున రేణిగుంటకో శ్రీసిటీకో వెళ్ళి, రాత్రి గదికొచ్చి పుస్తకం తెరిచే పిల్లలకు మ్యాథ్స్ అంటే టెన్షన్ వస్తుంది. అప్పుడు "పోనీలే, ఈసెట్ వద్దు, బీఎస్సీలో చేరిపోదాం, డిగ్రీ సులువు కదా" అనుకుంటారు.

దయచేసి ఆ కారణంతో బీఎస్సీకి రావద్దు. బీఎస్సీ మ్యాథ్స్ ఈసెట్ మ్యాథ్స్ కన్నా కష్టం. ఆ కష్టం కూడా వేరే రకం.

డిప్లొమాలో లెక్క అంటే జవాబు రావాలి. మాట్రిక్స్ ఇన్వర్స్ కనుక్కోవాలి, ఇంటిగ్రేషన్ చేయాలి, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ ఫార్ములా గుర్తుపెట్టుకుని సరైన చోట వాడాలి. వాడితే మార్కులు పడతాయి. బీఎస్సీలో రియల్ అనాలిసిస్ మొదటి క్లాసు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మేడం బోర్డు మీద 1, 1/2, 1/3, 1/4 అని రాసుకుంటూ పోయారు. "ఇది ఎక్కడికి పోతుంది?" అన్నారు. సున్నాకి అని అందరం అరిచాం. "ఎలా తెలుసు? నిరూపించండి" అన్నారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కళ్ళ ముందు కనిపిస్తున్నదాన్ని నిరూపించడమేంటో అర్థం కాలేదు. ఎంత చిన్న ఎప్సిలాన్ తీసుకున్నా, ఒక స్థానం దాటాక వచ్చే పదాలన్నీ దానికన్నా చిన్నవేనని చూపాలి. ఆ ఒక్క మాట మనసుకు ఎక్కడానికి నాకు దసరా సెలవులు దాటాయి. దాని తర్వాత గ్రూప్ థియరీ, లీనియర్ ఆల్జీబ్రా వస్తాయి. అక్కడ చాలాసార్లు అంకెలే కనిపించవు.

ఇంటర్ నుంచి వచ్చిన పిల్లలకూ ఇది కొత్తే. కానీ వాళ్ళు రెండేళ్ళు ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలతో కుస్తీ పట్టి వచ్చారు. మనం ఆ రెండేళ్ళూ మైక్రోప్రాసెసర్లతో, వర్క్‌షాప్‌లో గడిపాం. అందుకే మొదటి ఏడాది మనకు ఎక్కువ భారం. నేను వేసవిలోనే ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు నాలుగూ కొని లెక్కలన్నీ చేశాను. నన్ను గట్టెక్కించింది అదే.

ఫిజిక్స్‌లో మనకు కొంత లాభం ఉంది. ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) నుంచి వస్తే ఎలక్ట్రానిక్స్ పేపరు, లాజిక్ గేట్లు, జెనర్ డయోడ్, ట్రాన్సిస్టర్ లక్షణాల ప్రయోగాలు చేతికి అలవాటైనవే. ల్యాబ్‌లో సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే సీఆర్‌ఓ చూసి పక్కవాళ్ళు బెదిరిపోతుంటే నేను వాళ్ళకు ప్రోబ్ ఎలా పెట్టాలో చూపించేవాణ్ణి. కానీ అదే ట్రాన్సిస్టర్ గురించి పరీక్షలో అడిగే ప్రశ్న మారిపోతుంది. డిప్లొమాలో గెయిన్ ఎంత అంటారు. బీఎస్సీలో పీ-ఎన్ జంక్షన్ దగ్గర ఆ అడ్డుగోడ ఎందుకు ఏర్పడుతుంది, ఎలక్ట్రాన్ అటు ఎందుకు పోలేదు అంటారు. మాక్స్‌వెల్ సమీకరణాల దగ్గరికి వచ్చేసరికి కర్ల్, డైవర్జెన్స్ అనే వెక్టర్ లెక్కలు అర్థం కాకపోతే ముందుకు కదలదు.

నన్ను పట్టుకున్నది కూడా ఈ "ఎందుకు" అన్న ప్రశ్నే. చంద్రగిరి దాటి చిత్తూరు వైపు పోతుంటే గాదంకి వస్తుంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, పైన గాలి కదలికలను రేడియో తరంగాలతో గమనించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ రాడార్‌ను డిప్లొమా రెండో ఏట మా సార్లు చూపించడానికి తీసుకెళ్ళారు. పొలం లాంటి నేలంతా వరసగా పాతిన యాంటెన్నాలు. మా క్లాసులో సగంమంది ట్రాన్స్‌మిటర్ ఎంత పవర్, ఫీడర్ కేబుల్ ఎట్లా వేశారు అని అడుగుతున్నారు. నాకేమో పైన గాలి కదలికకు రేడియో తరంగం ఎందుకు వెనక్కి తిరిగొస్తుంది అన్నది తప్ప ఇంకేదీ బుర్రకెక్కలేదు. పాకాల మిత్రుడు ఫీడర్ కేబుల్ గురించి అడిగినవాళ్ళలో ఉన్నాడు. ఆ రోజే మా ఇద్దరి దారులూ వేరైపోయాయని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రాడార్ నడవాలంటే ఇద్దరూ కావాలి, అందులో ఎక్కువ తక్కువల్లేవు. మీరు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోతారో గమనించుకోండి. ల్యాబ్‌లో సర్క్యూట్ పనిచేయగానే సంతోషంగా పక్కన పెట్టేస్తారా, పనిచేశాక కూడా దాని చుట్టూనే తిరుగుతుంటారా?

కెమిస్ట్రీ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. డిప్లొమా మొదటి ఏట చదివే కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం, తుప్పు, పాలిమర్లు, ఇంధనాలు ఉంటాయి. ఇంటర్లో పిల్లలు రెండేళ్ళు చదివే ఆర్గానిక్ కెమిస్ట్రీకి అది ఏ మూలకూ సరిపోదు. కెమికల్ ఇంజినీరింగ్ డిప్లొమా చేసినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు కెమిస్ట్రీని మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, తీసుకునే ముందు బాగా ఆలోచించాలి.

ఏ బ్రాంచి నుంచి ఏ మేజర్

మా రోజుల్లో ఎంపీసీ అంటే మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండేవి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది, తోడుగా ఒక మైనర్. కాబట్టి చేరేటప్పుడే ఏది మేజర్ అన్నది ముఖ్యం. ఈసీఈ, ఈఈఈ వాళ్ళకు ఫిజిక్స్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ బాగా నప్పుతాయి. వీటిలో ఫిజిక్స్ తీసుకోండి. ఎలక్ట్రానిక్స్ మీకు ఇప్పటికే వచ్చు, దానికోసం మళ్ళీ మూడేళ్ళు పెట్టడం ఎందుకు? సివిల్, మెకానికల్ వాళ్ళకు మ్యాథ్స్ మీద ప్రేమ ఉంటే మ్యాథ్స్ మేజర్, లేకపోతే ఈసెట్.

కంప్యూటర్ డిప్లొమా చేసి బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరతామనేవాళ్ళకు నేను వద్దనే చెబుతాను. చదివిందే చాలావరకు మళ్ళీ చదువుతారు. చివరికి అదే ఉద్యోగానికి బీటెక్ వాళ్ళతో పోటీ పడాలి. వాళ్ళు ఈసెట్టే రాయాలి.

ఉద్యోగాల దగ్గర పోలిక

మన జిల్లాల పిల్లలకు అర్థమయ్యే ఉదాహరణ శ్రీహరికోటలో ఇస్రో రాకెట్ కేంద్రం షార్. అక్కడ టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకు ఫస్ట్ క్లాస్ డిప్లొమా అడుగుతారు. సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టుకు ఫస్ట్ క్లాస్ బీఎస్సీ అడుగుతారు. రెండింటికీ జీతం ఒకటే స్థాయి, లెవెల్ 7, మొదలు 44,900. అంటే డిప్లొమా ఉన్నవాడు మరో మూడేళ్ళు బీఎస్సీ చదివితే అక్కడ ఒక్క మెట్టు కూడా ఎక్కడు. సైంటిస్ట్ మెట్టు ఎక్కాలంటే బీటెక్ కావాలి, లేదా కొన్ని పోస్టులకు ఎమ్మెస్సీ కావాలి. బీఎస్సీతో ఆపేద్దామనుకునేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే చాలు.

రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీర్), ఎస్‌ఎస్‌సీ జేఈ పోస్టులకు డిప్లొమా సరిపోతుంది. వాటిలో చాలావాటికి ఉట్టి బీఎస్సీ పనికిరాదు. రైల్వేలో కెమికల్, మెటలర్జికల్ అసిస్టెంట్ లాంటి కొన్నింటికే ఫిజిక్స్, కెమిస్ట్రీతో చేసిన బీఎస్సీని తీసుకుంటారు. ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టుకు బీటెక్ తప్పనిసరి. గ్రూప్-1, గ్రూప్-2లకు ఏ డిగ్రీ అయినా ఒకటే. డిప్లొమాతో మాత్రం అవి రాయలేరు.

బీఎస్సీ ముందుండేది బడి దగ్గర. స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ పోస్టులకు ఆ సబ్జెక్టులతో డిగ్రీ, బీఈడీ, టెట్ ఉండాలి. 2025 మెగా డీఎస్సీలో అన్ని రకాల టీచర్ పోస్టులూ కలిపి 16,347 ఇచ్చారు. అయితే డీఎస్సీ ఏటా రాదు. దానికోసం ఎదురుచూస్తూ ప్రైవేటు స్కూళ్ళలో ఏళ్ళు గడిపినవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. జూనియర్ లెక్చరర్‌కు పీజీ కావాలి, బీఈడీ అక్కర్లేదు. పాఠం చెప్పడం మీకు నిజంగా ఇష్టమైతే ఇది మంచి జీవితం. ఒక పిల్లవాడికి కళ్ళ ముందు ఏదో అర్థమైనప్పుడు ఆ ముఖంలో కనిపించే వెలుగు నాకు ఏ జీతంతోనూ పోల్చాలనిపించదు.

కంపెనీల్లో మాత్రం బీటెక్‌దే పైచేయి. కరకంబాడి బ్యాటరీ ఫ్యాక్టరీ నుంచి శ్రీసిటీ దాకా మన చుట్టుపక్కల ఉన్న పరిశ్రమల్లో డిప్లొమా వాళ్ళకు పని దొరుకుతుంది. బీటెక్ ఉంటే సూపర్‌వైజర్ స్థాయి దాటి పైకి పోవచ్చు. ఫిజిక్స్ బీఎస్సీకి అక్కడ చోటు తక్కువ.

ఏర్పేడు వైపు చూసేవాళ్ళకు

శ్రీకాళహస్తి రోడ్డులో పోతుంటే ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ బోర్డులు కనిపిస్తాయి. రెండూ 2015లో మొదలయ్యాయి. "మనకు అక్కడ చోటుంటుందా సార్" అని పిల్లలు మెల్లగా అడుగుతారు. ఉంటుంది. బీఎస్సీ మూడో ఏట ఐఐటీలు పెట్టే జామ్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు వస్తుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథమెటిక్స్ సహా ఏడు పేపర్లు ఉంటాయి. పరీక్ష ఫిబ్రవరిలో, దరఖాస్తులు అంతకుముందు సెప్టెంబరు ప్రాంతంలో. బీఎస్సీ దారి ఎంచుకునేవాళ్ళు మొదటి ఏడాది నుంచే దీన్ని గురిగా పెట్టుకోవాలి. మా కాలంలో నాకు ఈ పరీక్ష పేరు చెప్పినవాళ్ళు లేరు. తెలిసేసరికి తేదీ దాటిపోయింది. అందుకే నా దగ్గరికొచ్చిన ప్రతి పిల్లవాడికీ ముందుగా ఈ పేరే చెబుతున్నాను.

జామ్ రాయడానికి బీఎస్సీయే ఉండాలని లేదు, బీటెక్ వాళ్ళూ రాయొచ్చు. ఎమ్మెస్సీలో చేర్చుకోవడానికి డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఎన్నాళ్ళు చదివారన్న షరతులు ఒక్కో ఐఐటీకి ఒక్కోలా ఉంటాయి, అవి చూసుకోవాలి. ఇంటిదగ్గర బీటెక్కే కావాలని పట్టుబడుతుంటే, మీకు ఫిజిక్స్ మీద ప్రేమ చావకపోతే, ఈ దారి గుర్తుంచుకోండి. పూతలపట్టు అబ్బాయికీ వాళ్ళ నాన్నకూ మధ్య రాజీ కుదిరింది ఈ మాట దగ్గరే. ఈసెట్ రాస్తానన్నాడు. సీటు వస్తే బీటెక్ చదువుతూనే ఫిజిక్స్ పుస్తకాలు వదలనని చెప్పాడు.

చేరేముందు కాగితాలు

యూనివర్సిటీలో బీఎస్సీ అని అందరూ అంటారు గానీ, ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎక్కువగా ఉండేది పీజీ. బీఎస్సీ దాని కింద ఉన్న కాలేజీల్లో చదవాలి. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ ఆర్ట్స్, ఎస్జీఎస్ ఆర్ట్స్ కాలేజీలు, ఆడపిల్లలకు పద్మావతి డిగ్రీ కాలేజీ ఉన్నాయి. చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ కాలేజీ ఉంది. ప్రభుత్వ, టీటీడీ కాలేజీల్లో ఫీజు తక్కువ, ల్యాబులు మెరుగు. సీట్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ విధానంలో భర్తీ అవుతాయి. ఈసెట్ సాధారణంగా డిగ్రీ సీట్ల భర్తీకి ముందే జరుగుతుంది. కాబట్టి ఏది ఎంచుకున్నా ఈసెట్ రాసి ఉంచుకోండి. చేతిలో ర్యాంకు ఉండి బీఎస్సీకి వెళ్ళడం వేరు, ర్యాంకు లేక వెళ్ళడం వేరు.

డిగ్రీ నోటిఫికేషన్లో అర్హత దగ్గర "ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైనది" అని ఉంటుంది. ఆ రెండో మాట మీదే మన బతుకు ఆధారపడి ఉంటుంది. నేను మొదట అడిగిన ఒక కాలేజీలో "డిప్లొమాకు ఏ ఇబ్బందీ లేదు, చేరిపో" అని ఫీజు కట్టించుకున్నారు. తీరా పరీక్ష ఫీజు కట్టే సమయానికి డిప్లొమా ఇంటర్‌కు సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ ఏదని అడిగారు. ఆ కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, పరీక్షలకు రెండు రోజుల ముందు తెచ్చుకున్నాను. ఆ రెండు నెలలు నేను చదివింది ఏమీ లేదు. మా నాన్న రెండుసార్లు పని మానుకుని నాతో వచ్చారు.

అందుకని బీఎస్సీ అనుకున్న రోజే ఇంటర్మీడియట్ బోర్డును, యూనివర్సిటీ అకడమిక్ విభాగాన్ని అడగండి. మీ డిప్లొమాను ఇంటర్‌కు సమానంగా తీసుకుంటారా, దానికి ఏ సర్టిఫికెట్ కావాలి, భాషా పేపర్లు ఏమైనా విడిగా రాయాలా అన్నది తేల్చుకోండి. జవాబు నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ షరతులు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి, ఆ ఏడాది జీవో చూసుకోండి. సాంకేతిక విద్యామండలి ఇచ్చిన మొత్తం మార్కుల మెమో, ప్రొవిజనల్, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు నాలుగేసి జిరాక్సులు తీసి పెట్టుకోండి. ఒరిజినల్స్ ఎక్కడ ఇచ్చినా రసీదు అడగండి. ఈసెట్ రెండో విడత కౌన్సెలింగ్ ముగిసేదాకా అవి మీ చేతిలోనే ఉండాలి.